ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో చదువు నాణ్యత: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవన్నీ ఎవరో ఒకరు నన్ను అడిగిన ప్రశ్నలే. కొన్ని యాజమాన్యం వాళ్లు అడిగారు, ఎక్కువ భాగం తోటి అధ్యాపకులు అడిగారు, చివరిది మాత్రం తల్లిదండ్రులది. కొన్నేళ్లు పాఠాలు చెప్పి, ఆ తర్వాత ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో నాణ్యత విభాగం పని చూస్తున్నాను. ఆ అనుభవంతో రాస్తున్న జవాబులివి.

నాణ్యత, నాణ్యత అంటారు. అసలు ఆ మాటకు అర్థమేమిటి?

ఉన్నత విద్యలో ఈ మాటను ఐదు అర్థాల్లో వాడుతున్నారని 1993లో లీ హార్వే, డయానా గ్రీన్ అనే ఇద్దరు పరిశోధకులు విడమరిచి చెప్పారు. అందరికన్నా మిన్నగా ఉండటం, తప్పు దొర్లకుండా ఉండటం, పెట్టుకున్న ఉద్దేశానికి సరిపోవడం, పెట్టిన డబ్బుకు తగిన ఫలం దక్కడం, మనిషిలో మార్పు రావడం. మా మీటింగుల్లో గొడవ ఎక్కడ మొదలవుతుందో ఈ జాబితా చూశాకే నాకు అర్థమైంది. చైర్మన్ గారు నాణ్యత అంటే ర్యాంకు అనుకుంటారు. హెచ్‌వోడీ (శాఖాధిపతి) దృష్టిలో అది సిలబస్ టైముకు పూర్తి కావడం. తల్లిదండ్రులు ఫీజు లెక్క చూసుకుంటారు. అందరూ ఒకే మాట అంటారు, ఒక్కొక్కరి మనసులో ఒక్కో అర్థం ఉంటుంది.

నేను ఐదో అర్థాన్నే పట్టుకుంటాను. చేరేటప్పుడు చేతకాని పని ఏదో, బయటికి వెళ్లేటప్పుడు ఆ విద్యార్థి చేయగలగాలి. మిగతా నాలుగూ దాని తర్వాతే.

ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఈ పనికి ప్రత్యేకంగా వచ్చే ఇబ్బందులేమిటి?

చాలాచోట్ల ఆదాయంలో పెద్ద భాగం ఫీజులదే. సీట్లు నిండకపోతే జీతాల దగ్గర టెన్షన్ మొదలవుతుంది. అందుకే అడ్మిషన్ల విభాగం మాట బాగా చెల్లుతుంది, అకడమిక్ విభాగం మాట అంతగా చెల్లదు. అర్హత కాస్త సడలించి చేర్చుకుంటారు. చేర్చుకున్న పిల్లలకు అదనంగా నేర్పే ఏర్పాటు మాత్రం చేయరు. మూడో సెమిస్టర్ వచ్చేసరికి బ్యాక్‌లాగ్‌లు పేరుకుపోతాయి. అవి బయటికి కనిపించకుండా ఇంటర్నల్ మార్కులు పెంచుతారు. ఇందులో చెడ్డ ఉద్దేశం ఎవరికీ ఉండదు. ఒక్కొక్కరూ తమ ఇబ్బందిని పక్కవాళ్ల మీదికి తోస్తారు, చివరికి అదంతా డిగ్రీ విలువ మీద పడుతుంది.

మేలు చేసే సంగతి కూడా ఒకటి ఉంది. ప్రైవేటులో నిర్ణయాలు త్వరగా జరుగుతాయి. కొత్త కోర్సు పెట్టాలన్నా, పాత పద్ధతి మార్చాలన్నా ఏళ్ల తరబడి ఫైలు తిరగక్కర్లేదు. యాజమాన్యానికి ఒక్కసారి నమ్మకం కుదిరితే వచ్చే సెమిస్టర్ నుంచే అమలు చేయొచ్చు. నేను ఈ పనిలో ఇన్నాళ్లు నిలబడటానికి కారణం అదే.

ఎక్కువ ఫీజు కడుతున్న విద్యార్థి కస్టమరే కదా?

హాస్టల్ గదికి, బస్సుకు, సర్టిఫికెట్ టైముకు ఇవ్వడానికి కస్టమరే. అక్కడ నిర్లక్ష్యం చేస్తే అడిగే హక్కు అతనికి పూర్తిగా ఉంది. మార్కుల దగ్గర మాత్రం కాదు. ఫీజు కట్టేది మంచి పాఠం, మంచి ల్యాబు, నిజాయితీగా దిద్దిన జవాబు పత్రం కోసం. పాసు కోసం కాదు. ఈ గీత చెరిగిన రోజు నష్టపోయేది బాగా చదివే పిల్లలే. వాళ్ల డిగ్రీకీ పక్కవాడి డిగ్రీకీ బయట తేడా కనిపించదు.

అక్రెడిటేషన్ (బయటి సంస్థ తనిఖీ చేసి ఇచ్చే గుర్తింపు) వస్తే నాణ్యత వచ్చినట్టేనా?

కాదు. కానీ తీసిపారేయాల్సింది కూడా కాదు. 1989లో ఆస్ట్రేలియా, కెనడా, ఐర్లండ్, న్యూజిలాండ్, బ్రిటన్, అమెరికా దేశాల ఇంజనీరింగ్ అక్రెడిటేషన్ సంస్థలు వాషింగ్టన్ ఒప్పందం చేసుకున్నాయి. ఒకరు గుర్తించిన ఇంజనీరింగ్ కోర్సుకు మిగతావాళ్లు కూడా విలువ ఇవ్వాలన్నది దాని సారాంశం. తర్వాత చాలా దేశాలు చేరాయి. చదువుకున్న పిల్లలు దేశాలు దాటి పని చేయాలంటే ఇలాంటి పరస్పర నమ్మకం అవసరం. ఐరోపాలో 2005లో వచ్చిన నాణ్యత ప్రమాణాలను 2015లో సవరించారు. వాటి ప్రకారం తనిఖీకి వచ్చే బృందంలో విద్యార్థి కూడా సభ్యుడిగా ఉండాలి. అది నాకు చాలా నచ్చిన నియమం.

చిక్కు ఎక్కడంటే, తనిఖీ తేదీ రాగానే ఆరు నెలలు అందరూ ఫైళ్ల మీద పడతారు. పాత మీటింగులకు కొత్తగా మినిట్స్ రాస్తారు. ఆ ఆరు నెలలూ క్లాసులో పాఠం కుంటుపడుతుంది. నాణ్యత పేరుతో నాణ్యతను దెబ్బతీసుకోవడమంటే ఇదే. ఏ రోజు పనికి కాగితం ఆ రోజే తయారవ్వాలి. మీటింగు జరిగిన సాయంత్రం పది వాక్యాలు రాసి పెట్టుకుంటే తనిఖీ ముందు ఎవరూ రాత్రుళ్లు మేలుకోనక్కర్లేదు.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు పత్రాల కట్ట విప్పండి. ఎవరు అడిగినా నేను ముందు చెప్పే మాట ఇదే.

మా దగ్గర రెండో ఏడాది సబ్జెక్టు ఒకటి ఉండేది. నూటికి తొంభై మందికి పైనే పాసయ్యేవారు కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. ఒక శనివారం మధ్యాహ్నం ఆ సబ్జెక్టు కట్ట తెప్పించి, 60 పత్రాలు బల్ల మీద పరిచాను. నా పక్కన ఆ పాఠం చెప్పిన మేడం కూడా కూర్చున్నారు. ప్రశ్నపత్రంలో ఒక్క ప్రశ్న మాత్రం కొత్తది: కొంత సమాచారం ఇచ్చి, రెండు పద్ధతుల్లో ఏది వాడాలో చెప్పి కారణం రాయమన్నారు. 60 మందిలో 47 మంది దాన్ని ముట్టుకోనే లేదు. మిగతా ప్రశ్నలన్నీ నోట్సులో ఉన్నవే. ఆ నోట్సు జిరాక్సులో ఒకచోట టైపింగ్ తప్పు ఉంది, ఒక అక్షరం తారుమారై మాటకే అర్థం లేకుండా పోయింది. ఆ తప్పు ఉన్నది ఉన్నట్టుగా 22 జవాబు పత్రాల్లో కనిపించింది. అన్నింటికీ ఫుల్ మార్కులు పడ్డాయి.

మేడం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నేను వీళ్లకి నేర్పింది కాపీ రాయడమే కదండీ" అన్నారు. నాకు బాధేసింది. ఎందుకంటే తప్పు ఆవిడది కాదు. వారానికి 20 గంటలు క్లాసులు, పైగా అడ్మిషన్ల డ్యూటీ. పాత ప్రశ్నలే తిప్పితిప్పి ఇవ్వడం తప్ప ఆవిడకి వేరే దారి మేమే మిగల్చలేదు.

మేం చేసిన మార్పులు చిన్నవే. ఆవిడ క్లాసుల భారం తగ్గించాం. ప్రతి ప్రశ్నపత్రంలో కనీసం రెండు ప్రశ్నలు నోట్సులో లేనివి ఉండాలన్నాం. అలాంటి ప్రశ్నలకు వారానికోసారి క్లాసులోనే, పిల్లలు పక్కపక్కన కూర్చుని జవాబు వెతికేలా టైము కేటాయించాం. మొదటి సెమిస్టర్‌లో పాసు శాతం పడిపోయింది. యాజమాన్యం కంగారుపడింది. ఇంకో రెండు సెమిస్టర్లు ఆగమని బతిమాలాను. మూడోసారి కట్ట విప్పినప్పుడు, కొత్త ప్రశ్న వదిలేసినవాళ్లు పదిమంది కూడా లేరు. రాసిన జవాబులన్నీ ఒప్పులు కావు. కానీ ఎవరి తప్పు వాళ్లదే, ఎవరి వాక్యం వాళ్లదే.

కోర్సు లక్ష్యాలు, ఫలితాల పట్టికలు నింపడం వల్ల ఉపయోగం ఉందా?

పట్టిక నింపడం వల్ల ఏమీ లేదు, దాని వెనకున్న ఆలోచన వల్ల చాలా ఉంది. బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో నేర్చుకోవడాన్ని మెట్లుగా విభజించింది. గుర్తుంచుకోవడం దగ్గర మొదలై అర్థం చేసుకోవడం, వాడటం, విశ్లేషించడం మీదుగా పైకి వెళ్తుంది. 2001లో దాన్ని సవరించినప్పుడు కొత్తది సృష్టించడాన్ని పై మెట్టుగా పెట్టారు. జాన్ బిగ్స్ 1990ల్లో ఇంకో ముఖ్యమైన మాట చెప్పారు: లక్ష్యం, పాఠం చెప్పే తీరు, పరీక్ష, ఈ మూడూ ఒకే దిక్కుకు చూడాలి.

మా మేడం సబ్జెక్టులో లక్ష్యం "విశ్లేషించగలగాలి" అని రాసి ఉంది. పాఠం డిక్టేషన్. పరీక్ష జ్ఞాపకశక్తికి. పట్టికలో మాత్రం అన్ని గడులకూ టిక్కులే. ఒక్క కోర్సుకు 15 లక్ష్యాలు రాసుకునే బదులు, పరీక్షలో నిజంగా అడగబోయే నాలుగు రాసుకోండి. చాలు.

ప్రశ్నపత్రం బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

కూడికలు, తీసివేతలు, ఒక భాగహారం వస్తే చాలు. మార్కుల ప్రకారం విద్యార్థులను వరసలో పెట్టండి. పైనుంచి 27 శాతం, కిందినుంచి 27 శాతం తీసుకోండి (ట్రూమన్ కెల్లీ 1939లో సూచించిన లెక్క ఇది). వందమంది క్లాసులో పైన 27 మంది, కింద 27 మంది వస్తారు. ఒక ప్రశ్నకు పైవాళ్లలో 20 మంది, కిందివాళ్లలో ఆరుగురు సరిగ్గా రాశారనుకుందాం. తేడా 14. దాన్ని 27తో భాగిస్తే 0.52 వస్తుంది. ప్రశ్న బాగా పనిచేసిందని అర్థం. సున్నాకు దగ్గరగా వస్తే ఆ ప్రశ్న చదివినవాణ్ణీ చదవనివాణ్ణీ వేరు చేయలేకపోయింది. మైనస్‌లోకి వెళ్తే ప్రశ్నలోనో, జవాబుల కీలోనో తప్పుందేమో వెంటనే చూడాలి.

దిద్దడంలో తేడా తెలుసుకోవడం ఇంకా తేలిక. మార్కులు కనపడకుండా పది పత్రాలను ముగ్గురి చేత విడివిడిగా దిద్దించండి. ఒకే జవాబుకు ఒకరు 4, ఇంకొకరు 9 వేస్తే, వాల్యుయేషన్ స్కీమ్ (ఏ జవాబుకు ఎన్ని మార్కులు వేయాలో చెప్పే కాగితం) గురించి మాట్లాడుకోవాల్సిన సమయం వచ్చిందని అర్థం.

బయటివాళ్ల చేత ప్రశ్నపత్రాలు, కొన్ని జవాబు పత్రాలు చూపించుకోవడం కూడా అలవాటు చేసుకోవాలి. డర్హమ్ విశ్వవిద్యాలయం 1830ల్లో కొత్తగా మొదలైనప్పుడు ఆక్స్‌ఫర్డ్ నుంచి పరీక్షకులను పిలిపించుకుంది. కొత్త సంస్థ డిగ్రీని జనం నమ్మాలంటే పేరున్నచోటివాళ్లు వచ్చి చూసి ఒప్పుకోవాలి కదా. ఇప్పుడు కొత్తగా వస్తున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాలకూ అదే అవసరం ఉంది.

విద్యార్థుల ఫీడ్‌బ్యాక్‌ను ఎంతవరకు నమ్మాలి?

వాళ్లు చూసినదాని గురించి చెబితే నమ్మాలి. సార్ టైముకు వస్తారా, పత్రాలు దిద్ది వెనక్కి ఇస్తారా, ప్రశ్న అడిగితే కసురుకుంటారా, ఇలాంటివి వాళ్లకన్నా బాగా ఎవరికీ తెలియవు. "ఈ అధ్యాపకుడు ఎంత బాగా నేర్పారు" అన్న ప్రశ్నకు వచ్చిన స్కోరు వేరే సంగతి. 2017లో బాబ్ ఉట్టల్ బృందం పాత అధ్యయనాలన్నింటినీ మళ్లీ కలిపి లెక్కగట్టింది. విద్యార్థులిచ్చే రేటింగుకూ వాళ్లు నిజంగా నేర్చుకున్నదానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో చేసిన ప్రయోగంలో ఇంకా విచిత్రం బయటపడింది. తామే కూర్చుని లెక్కలు చేసిన విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. చక్కటి ఉపన్యాసం విన్నవాళ్లకు అంతా అర్థమైపోయినట్టు అనిపించింది.

కాబట్టి ఫీడ్‌బ్యాక్ స్కోరును చూసి ఇంక్రిమెంట్ ఆపడం, ఉద్యోగం తీసేయడం అన్యాయం. అలా చేస్తే అధ్యాపకులు కఠినమైన ప్రశ్నలు ఇవ్వడం మానేస్తారు.

ఇంకో సంగతి. సెమిస్టర్ చివర్లో తీసుకునే ఫీడ్‌బ్యాక్ చెప్పినవాళ్లకు ఉపయోగపడదు. ఐదో వారంలో తీసుకోండి. అంతకన్నా మంచిది, క్లాసు ముగిసే ముందు ఒక్క నిమిషం ఇచ్చి చిన్న కాగితం మీద పేరు లేకుండా రాయమనడం: ఇవాళ ముఖ్యంగా ఏం నేర్చుకున్నావు, ఏది అర్థం కాలేదు? మర్నాడు క్లాసు మొదట్లో ఆ అర్థం కానిదాన్ని మళ్లీ చెప్పాలి. తాము రాసిన మాటకు జవాబు వచ్చిందని చూసిన పిల్లలు, తర్వాతిసారి మనసుపెట్టి రాస్తారు.

అయితే లెక్చర్లు మానేయాలా?

మానేయక్కర్లేదు, మధ్యమధ్యలో ఆపాలి. సైన్స్, ఇంజనీరింగ్, గణితం కోర్సుల మీద వచ్చిన 225 అధ్యయనాలను స్కాట్ ఫ్రీమన్ బృందం 2014లో పరిశీలించింది. విద్యార్థుల చేత పని చేయించే క్లాసుల్లో సగటున 21.8 శాతం మంది ఫెయిలైతే, ఉత్త లెక్చర్ క్లాసుల్లో 33.8 శాతం మంది ఫెయిలయ్యారు. 20 నిమిషాలు చెప్పి, ఐదు నిమిషాలు ఒక ప్రశ్న ఇచ్చి, పక్కవాడితో చర్చించమనండి. దీనికి స్మార్ట్ బోర్డు కూడా అక్కర్లేదు.

మంచి అధ్యాపకులు ఎందుకు వెళ్లిపోతున్నారు?

జీతం ఒక కారణం. టైముకు పడని జీతం ఇంకా పెద్ద కారణం. కానీ వెళ్లిపోతున్నవాళ్లతో కూర్చుని మాట్లాడితే ఎక్కువగా వినపడేది వేరు: సెలవుల్లో అడ్మిషన్ల టార్గెట్లు, పాఠానికి సంబంధం లేని రిపోర్టులు, ఏడాది ఏడాదికీ మారే సబ్జెక్టులు. ఒకే సబ్జెక్టు మూడేళ్లు వరసగా చెప్పనిస్తే తప్ప అందులో ఎవరికీ పట్టు చిక్కదు. కొత్తగా చేరినవాళ్లను మొదటి సెమిస్టర్‌లో ఒక సీనియర్ పక్కన కూర్చోబెట్టండి, ఒకరి క్లాసుకు ఒకరు వెళ్లి చూడనివ్వండి. చూసివచ్చిన సంగతులు వాళ్లిద్దరి మధ్యే ఉండాలి, డీన్ ఫైలులోకి రాకూడదు. వచ్చిందంటే ఆ రోజు నుంచి అది ఇన్‌స్పెక్షన్ అయిపోతుంది.

ఏ అంకెలు చూడాలి?

తక్కువే చూడండి, వాటి వెనక మనుషులను చూడండి. మొదటి ఏడాదిలో ఎంతమంది మానేశారు, ఎందుకు? టైముకు డిగ్రీ పూర్తి చేసినవాళ్లెందరు? ఒకే సబ్జెక్టు రెండు సెక్షన్ల మధ్య మార్కుల్లో పెద్ద తేడా ఉందా? ఇంటర్నల్ మార్కులకూ చివరి పరీక్ష మార్కులకూ పొంతన ఉందా? ఈ ఆఖరిది బాగా మాట్లాడే అంకె. ఇంటర్నల్స్‌లో అందరికీ దాదాపు పూర్తి మార్కులు వచ్చి, చివరి పరీక్షలో చతికిలపడితే ఎక్కడో మనల్ని మనమే మోసం చేసుకుంటున్నాం.

ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి చెప్పిన మాట ఇక్కడా వర్తిస్తుంది. ఏ అంకెనైనా టార్గెట్‌గా పెట్టి ఒత్తిడి చేస్తే, అది నిజం చెప్పడం మానేస్తుంది. పాసు శాతానికి టార్గెట్ పెట్టిన చోట పాసు శాతం తప్పకుండా పెరుగుతుంది.

పరిశోధన పత్రాల సంఖ్య పెంచితే పేరు వస్తుంది కదా?

కొన్నాళ్లు వస్తుంది. ఏడాదికి ఇన్ని పేపర్లు రాయాల్సిందేనని మెడ మీద కత్తి పెడితే, డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే పత్రికలకు గిరాకీ పెరుగుతుంది. పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను (అందులోని పేపర్లను సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే అంకెను) బట్టి పరిశోధకుడికి విలువ కట్టొద్దని, పరిశోధననే చదివి అంచనా వేయాలని 2012 నాటి శాన్ ఫ్రాన్సిస్కో ప్రకటన కోరింది. ల్యాబు, టైము, చదివి విమర్శించే ఇద్దరు సహచరులు, ఇవి ముందు ఇచ్చి, ఆ తర్వాత పేపర్ అడగండి.

డబ్బు తక్కువ. మొదట దేనికి ఖర్చు పెట్టాలి?

మొదటి ఏడాది విద్యార్థులకు. చేరిన వారంలోనే మార్కులతో సంబంధం లేని చిన్న పరీక్ష పెట్టి, ఎవరికి గణితంలో పునాది లేదో, ఎవరికి పాఠం చెప్పే భాష అందడం లేదో తెలుసుకోవాలి. వాళ్లకు మంచి అధ్యాపకుల చేత సాయంత్రం క్లాసులు చెప్పించాలి. చాలాచోట్ల సీనియర్లు చివరి ఏడాదికి, కొత్తగా చేరినవాళ్లు మొదటి ఏడాదికి వెళ్తారు. దీన్ని తిరగేయాలి.

తర్వాత ల్యాబులు. కొత్త పరికరం కొనే ముందు ఉన్నవాటిని చూడండి. ఒక ల్యాబులో కొని మూడేళ్లయినా ప్లాస్టిక్ కవర్ తీయని పరికరం చూశాను. పాడవుతుందేమోనని భయం, పాడైతే ఎవరి జీతంలో కోస్తారోనని ఇంకా భయం. ఆ భయం పోగొట్టడానికి పైసా ఖర్చు లేదు. వాడకంలో పాడైతే బాధ్యత సంస్థదేనని ఒక సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది.

అసైన్‌మెంట్లన్నీ ఏఐ చేత రాయిస్తున్నారు. ఏం చేయాలి?

పట్టుకునే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడకండి, అది నిజాయితీగా రాసినవాళ్లను కూడా దొంగలని అంటుంది. రాసినదాని గురించి ఐదు నిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టి అడగండి. తనకు తెలిసి రాశాడో లేదో రెండో ప్రశ్నకే బయటపడుతుంది. క్లాసులు చిన్నవిగా ఉంటేనే ఇది కుదురుతుంది, అందుకే ఇది కూడా చివరికి అధ్యాపకుల సంఖ్య దగ్గరికే వస్తుంది.

యాజమాన్యం ఎంతవరకు జోక్యం చేసుకోవచ్చు?

బడ్జెట్, భవనాలు, ఏ కోర్సులు పెట్టాలి, వీసీగా ఎవరిని తేవాలి, ఇవి వాళ్ల పని. ఎవరికి ఎన్ని మార్కులు, ఎవరు పాసు, సిలబస్‌లో ఏముండాలి, ఇవి అకడమిక్ కౌన్సిల్ (చదువు సంగతులు నిర్ణయించే మండలి) పని. ఈ రెండో జాబితాలోకి ఫోన్ కాల్ రాకూడదు. వస్తే, ఎవరు చేశారో రాసి పెట్టే రిజిస్టర్ ఉండాలని నేను ఒకసారి మీటింగులో అడిగాను. రిజిస్టర్ రాలేదు కానీ ఫోన్లు తగ్గాయి.

మా అమ్మాయిని చేర్చాలనుకుంటున్నాం. లోపల చదువెలా ఉందో బయటి నుంచి తెలుసుకునేదెలా?

బ్రోచర్ పక్కన పెట్టి, సాధారణ రోజున వెళ్లండి, ఓపెన్ డే నాడు కాదు. సాయంత్రం లైబ్రరీలో ఎంతమంది కూర్చుని ఉన్నారో చూడండి. ప్లేస్‌మెంట్ల గురించి అడిగితే అందరికన్నా పెద్ద ప్యాకేజీ చెబుతారు. మీరు మధ్యస్థంగా ఉన్న విద్యార్థికి ఎంత వచ్చిందని, మొత్తం బ్యాచ్‌లో ఎంతమందికి వచ్చిందని అడగండి. గత మూడేళ్ల ప్రశ్నపత్రాలు చూపించమనండి. అవే ప్రశ్నలు తిరుగుతుంటే మీకే తెలుస్తుంది. కుదిరితే రెండో ఏడాది విద్యార్థులు ఇద్దరితో మాట్లాడి ఒక్కటే అడగండి: "మీ జవాబు పత్రాలు దిద్దాక మీకు చూపిస్తారా? ఎక్కడ తప్పు రాశారో ఎవరైనా కూర్చోబెట్టి చెప్తారా?"